మెరుగు పెట్టడమా? మరుగు పరచడమా?

పాత వస్తువును కొత్తదిగా చూడాలన్న కోరిక మనిషికి సహజం. పండుగ వస్తున్నదంటే గోడలకు సున్నం పడుతుంది. ఇత్తడి బిందెలు చింతపండుతో తోమించుకుని తళతళలాడుతాయి. తాతలనాటి పడక కుర్చీ వడ్రంగి చేతికి వెళ్లి కొత్త వార్నీషుతో తిరిగి వస్తుంది. ఈ పనులలో ఎవరికీ ధర్మసందేహం కలగదు. కాని ఆ పాత వస్తువు తుపాకీ అయినప్పుడు ప్రశ్న అంత సులువుగా ముగియదు. కుర్చీ మీది గీతలు అందులో కూర్చున్నవారి కథ చెబుతాయి. తుపాకీ మీది గీతలు దానిని పట్టినవారి కథతోపాటు దాని ఎదుట నిలిచినవారి కథను కూడా చెప్పవచ్చు. ఆ గీతలను చెరిపివేసే అధికారం ఎవరికి ఉన్నది? వస్తువు తనదైనంత మాత్రాన దాని గతం కూడా తనదేనా?

ఒక సందర్భాన్ని ఊహించుకుంటే ఈ ప్రశ్న స్పష్టమవుతుంది. తెలంగాణలో ఒక పాత లోగిలి. ఇంటి పెద్ద మరణించిన తరువాత ఆయన కుమారుడికి, పదవీ విరమణకు చేరువైన ఒక ఉపాధ్యాయుడికి, తాతగారి నాటి జోడుగొట్టాల వేటతుపాకీ సంక్రమించింది. వారసత్వపు లైసెన్సు కోసం దరఖాస్తు పెట్టడం, అంతవరకు ఆయుధాన్ని నిబంధనల ప్రకారం అప్పగించి ఉంచడం, విచారణలు, సంతకాలు అన్నీ పూర్తయ్యాయి. చివరకు తుపాకీ ఇంటికి వచ్చినప్పుడు గొట్టాల మీద ఎర్రని తుప్పు పట్టి ఉన్నది. నీలిపూత చాలాచోట్ల వెలిసిపోయింది. అక్రోటు కర్రతో చేసిన మడమ మీద నూనె జిడ్డు, చెమట మరకలు, ఒక పక్కన వరుసగా కత్తితో కోసిన ఐదు గంట్లు కనిపిస్తున్నాయి. ఇంటివారి మాట ప్రకారం అవి తాతగారు కొట్టిన ఐదు చిరుతల గుర్తులు. ఊరిలో మరొక మాట ఉన్నది. ఆ మాటను ఎవరూ గట్టిగా అనరు. వృద్ధులు ఆ ప్రస్తావన వచ్చినప్పుడు వేరే సంగతి ఎత్తుకుంటారు.

ఉపాధ్యాయుడు ఆ తుపాకీని నగరంలోని లైసెన్సు గల మరమ్మతుదారు వద్దకు తీసుకువెళ్లాడు. అంతా కొత్తదిగా చేయమన్నాడు. ఆ వృద్ధ పనివాడు తుపాకీని అటూ ఇటూ తిప్పి చూసి ఒకే ఒక ప్రశ్న వేశాడు: "సారూ, తుప్పు తీస్తాను, పూత వేస్తాను. ఈ గంట్లను కూడా పూడ్చమంటారా?"

ఆ ప్రశ్నకు జవాబు వెదకడానికి ముందు ఆ పని స్వరూపం తెలుసుకోవడం అవసరం. తుపాకీ గొట్టం మీద కనిపించే నీలి నలుపు రంగు పైనుంచి పూసిన రంగు కాదు. అది ఇనుము తనకు తానుగా ధరించే ఒక పలుచని పొర. ఎర్రని తుప్పు కూడా ఇనుమూ ప్రాణవాయువూ కలిసి ఏర్పడినదే, నల్లని పొర కూడా ఆ రెండింటి కలయికే. తేడా వాటి కలయిక తీరులో ఉన్నది. ఎర్రనిది పొరలు పొరలుగా ఊడిపోతూ లోపలి లోహాన్ని తింటుంది. నల్లనిది లోహాన్ని అంటిపెట్టుకుని, పైన నూనె పూత ఉన్నంతకాలం దానిని కాపాడుతుంది. ఈ నల్లని పొరను తెప్పించడానికి రెండు ప్రధాన మార్గాలున్నాయి. మొదటిది వేడి పద్ధతి. కాస్టిక్ సోడా, నైట్రేటు లవణాలు కలిపిన నీటిని సుమారు 140 డిగ్రీల సెంటీగ్రేడు వరకు మరిగించి, శుభ్రం చేసిన ఉక్కు భాగాలను అందులో ముంచుతారు. కొద్దిసేపటిలోనే నిగనిగలాడే నలుపు వస్తుంది. రెండవది నిదానమైన పద్ధతి. గొట్టాలకు ఆమ్లద్రావణం పలుచగా పూసి, తేమగల గదిలో ఉంచి, కావాలనే తుప్పు పట్టనిస్తారు. ఆ తరువాత వాటిని మరిగే నీటిలో ఉంచితే ఎర్రని తుప్పు నల్లగా మారుతుంది. మెత్తని తీగ కుంచెతో పైపొడిని రాల్చి, మళ్లీ పూస్తారు. ఇలా అనేకసార్లు, రోజుల తరబడి సాగుతుంది. జోడుగొట్టాల పాత తుపాకులకు ఈ రెండవ పద్ధతే తగినది. ఎందుకంటే రెండు గొట్టాలను కలిపే మెత్తని టంకం ఆ మరిగే క్షారంలో చెడిపోతుంది, అతుకుల మధ్య చేరిన లవణాలు తరువాత లోలోపల తుప్పును పెంచుతాయి.

ముల్లును ముల్లుతోనే తీయాలన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజమవుతుంది. తుప్పునే తుప్పుకు కాపలాగా పెట్టడం ఈ విద్యలోని రహస్యం. అయితే అసలు చిక్కు ఈ పూతలో లేదు. పూతకు ముందు జరిగే పనిలో ఉన్నది. కొత్త పూత నున్నగా రావాలంటే పాత ఉపరితలాన్ని ఆకురాయితోనో ఉప్పుకాగితంతోనో సానచక్రంతోనో అరగదీయాలి. తుప్పు తిన్న గుంతలు కనబడకుండా పోవాలంటే చుట్టూ ఉన్న మంచి లోహాన్ని కూడా గుంతల లోతు వరకు తీసివేయాలి. దానితో అంచుల పదును పోతుంది. నగిషీ గీతలు మసకబారుతాయి. తయారీదారు ముద్ర, వరుస సంఖ్య పలుచబడతాయి. గొట్టపు గోడ మందం తగ్గుతుంది. చూపులకు కొత్తదైన తుపాకీ బలంలో పాతదానికంటే బలహీనమై ఉండవచ్చు. ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి అతికి చేసిన పాతకాలపు గొట్టాలు నేటి తూటాల ఒత్తిడికి తట్టుకోలేక పగిలే ప్రమాదం ఉన్నది. వాటికి పెట్టిన తళుకు చూసి నమ్మినవాడి చేయి పోయినా ఆశ్చర్యం లేదు. కనుక ఇక్కడ మెరుగు కేవలం అందానికి సంబంధించిన విషయం కాదు. అది ఒక వాగ్దానం. లోపల లేని బలాన్ని పైన చూపే మెరుగు అబద్ధంతో సమానం.

తెలుగులో మెరుగు అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి తళుకు, రెండవది బాగుపడటం. రోగికి మెరుగైందంటాము, బంగారానికి మెరుగు పెట్టామంటాము. ఒకే మాట రెండింటికీ చెల్లడం వల్ల మెరిసేది బాగుపడినట్లే అనే భ్రమ సులువుగా కలుగుతుంది. ఒక్క అక్షరం తేడాతో మెరుగు మరుగవుతుంది. పైన మెరుగు పెట్టే ప్రతి పనిలోనూ ఎంతో కొంత మరుగుపరచడం ఉంటుంది. ఎంతవరకు అది ఆమోదయోగ్యమన్నదే విచారించదగిన విషయం.

ఈ విషయంలో చట్టం తన హద్దును స్పష్టంగా గీసింది. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ తయారీకే కాదు, మరమ్మతుకు కూడా లైసెన్సు తప్పనిసరి. అదే చట్టంలోని 8వ సెక్షను తుపాకీ మీది పేరును, సంఖ్యను, మరే ఇతర గుర్తింపు చిహ్నాన్నైనా చెరిపివేయడాన్ని, తొలగించడాన్ని, మార్చడాన్ని నిషేధిస్తున్నది. యజమాని తన తుపాకీకి ఏ రంగైనా వేయించుకోవచ్చు. దాని గుర్తింపును మాత్రం చెరపకూడదు. ఈ నిబంధన వెనుక ఒక గంభీరమైన ఆలోచన ఉన్నది. ఆయుధం పూర్తిగా స్వంత ఆస్తి కాదు. అది సమాజం షరతులతో ఒకరి చేతికిచ్చిన శక్తి. ఆ శక్తి దుర్వినియోగమైన నాడు జవాబు చెప్పవలసినవారిని కనుగొనడానికి కావలసిన ఆనవాలు సమాజానికి చెందినది. చట్టం సంఖ్య వరకే ఆగుతుంది. మడమ మీది గంట్ల గురించి చట్టానికి పట్టింపు లేదు. అక్కడినుంచి విచారణ మనస్సాక్షిది.

పునరుద్ధరణ పక్షాన చెప్పదగినది చాలా ఉన్నది. తుప్పు చరిత్ర కాదు, నిర్లక్ష్యపు ఫలితం. దానిని అలాగే వదిలివేస్తే కొంతకాలానికి గంట్లూ మిగలవు, గొట్టమూ మిగలదు. పూర్వులు ఇచ్చినదానిని కాపాడటం ధర్మమని మన సంప్రదాయం నిర్ద్వంద్వంగా చెప్పింది. ఆలయాల జీర్ణోద్ధరణ విధులను ఆగమాలు ప్రత్యేకంగా వివరించాయి. దానశాసనాల చివర, తాను చేసిన దానంకంటే ఇతరులు చేసిన దానాన్ని పాలించడం రెట్టింపు పుణ్యమన్న భావం తరచు కనబడుతుంది. శ్రీశైలం జలాశయపు ముంపు నుంచి కాపాడేందుకు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ఊడదీసి ఆలంపురంలో తిరిగి నిలిపినప్పుడు, స్థలం మారినా అది అదే ఆలయమని భక్తులూ చరిత్రకారులూ అంగీకరించారు. మార్పు అంతా ద్రోహం కాదనడానికి అది చాలు.

ఆయుధాల విషయంలో కొడగు ప్రాంతపు ఆచారం గమనించదగినది. వరినాట్లు ముగిసిన తరువాత సెప్టెంబరులో కొడవలు కైల్ ముహూర్తం జరుపుకుంటారు. ఇంటిలోని తుపాకులను, కత్తులను శుభ్రం చేసి, తుపాకీ పువ్వుగా అక్కడ పేరుపొందిన పూలతో అలంకరించి పూజిస్తారు. ఆ పువ్వునే తెలుగువారు అడవినాభి అంటారు. బిడ్డ పుట్టినప్పుడు, మనిషి పోయినప్పుడు కూడా తుపాకీ ధ్వని ఆ సమాజపు సంప్రదాయంలో భాగం. 1861లో వారికి లభించిన లైసెన్సు మినహాయింపు స్వతంత్ర భారతంలోనూ వేర్వేరు ఉత్తర్వుల ద్వారా కొనసాగింది. 2019లో కేంద్ర ప్రభుత్వం దానిని మరో పదేళ్లకు పొడిగించింది. అటువంటి సమాజంలో తుపాకీకి ఏటా నూనె రాయడం, మెరుగు పెట్టడం గతాన్ని దాచే పని అనడం కష్టం. అది గతంతో సంబంధాన్ని ఏటేటా పునరుద్ధరించుకునే పని. మన దసరా ఆయుధపూజలోనూ ఆ భావమే ఉన్నది. శుభ్రం చేయడమూ చెరిపివేయడమూ ఒకటి కావని ఈ ఆచారాలు తెలుపుతాయి.

రెండవ పక్షం వాదన కూడా అంతే బలమైనది. భారత పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్‌గా పనిచేసిన జాన్ మార్షల్ 1923లో వెలువరించిన పరిరక్షణ నియమావళి, శిథిల కట్టడాలను కొత్తవిగా మార్చడం కంటే ఉన్నవాటిని ఉన్నట్లు నిలపడానికే ప్రాధాన్యమిచ్చింది. 1964 నాటి వెనిస్ ఒడంబడిక మరొక మెట్టు ముందుకు వెళ్లి, ఊహ మొదలైనచోట పునరుద్ధరణ ఆగిపోవాలని నిర్దేశించింది. ఈ సూత్రంలోని వినయం గమనించదగినది. తెలిసినంత మేరకే చేయి పెట్టాలి. తెలియనిచోట చేయి వెనుకకు తీసుకోవాలి. వస్తుప్రదర్శనశాలల నిపుణులు ఆయుధాల విషయంలో అనుసరించేది కూడా ఇదే. లోహాన్ని తింటున్న తుప్పును ఆపుతారు, పలుచని మైనం పూస్తారు, కొత్తదనం తేవడానికి ప్రయత్నించరు.

అరగదీయడం వల్ల పోయేదేమిటో తెలుగునేల మీది ఉక్కు కథ చెబుతుంది. నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం ఒకప్పుడు మూసలో కరిగించి తీసే ఉక్కుకు ప్రసిద్ధి. పారశీక వర్తకులు అక్కడికి వచ్చి ఉక్కు ముద్దలను కొనుగోలు చేసి తీసుకువెళ్లేవారు. ఐరోపావారు దానిని వూట్జ్ అన్నారు. ఆ పేరు మన ఉక్కు అనే మాటనుంచే పుట్టిందని పలువురి అభిప్రాయం. ఆ ఉక్కుతో చేసిన కత్తి మీద నీటి అలల వంటి చారలు కనబడతాయి. అవి పైన చెక్కినవి కావు. లోహం కరిగి, చల్లారి, సుత్తి దెబ్బలు తిన్న క్రమమంతా ఆ చారలలో నిక్షిప్తమై ఉంటుంది. సానచక్రం మీద అతిగా మెరుగు పెడితే ఆ అలలు మాయమవుతాయి. కత్తి అద్దంలా మెరుస్తుంది. కాని దాని పుట్టుక చెప్పే వ్రాత కంటికి కనబడదు. నేర్పరి పనివాడు తగిన ద్రావణంతో దానిని మళ్లీ తేటపరచగలడు. ఆ సంగతి తెలియనివాడికి అది మామూలు ఇనుప కత్తిగానే మిగులుతుంది. అంటే వస్తువు చెప్పగల మాటను దాని అందం కోసమే మూయించినట్లవుతుంది.

ఈ రెండు పక్షాల మధ్య దారి చూపే ఉదాహరణ జపాను ఖడ్గశిల్పంలో ఉన్నది. అక్కడ కత్తికి మెరుగు పెట్టడం ఒక ప్రత్యేక విద్య. రకరకాల సానరాళ్లతో రోజుల తరబడి శ్రమించి, ఉక్కులోని అతి సూక్ష్మమైన గుణాలను సైతం పైకి తెస్తారు. కాని పిడి లోపల దాగి ఉండే భాగాన్ని మాత్రం ఎన్నడూ శుభ్రం చేయరు. దాని మీద తరతరాలుగా పట్టిన నల్లని తుప్పును తాకరు. కమ్మరి సంతకం ఉండేది అక్కడే. కత్తి వయస్సును నిర్ణయించడానికి ఆ తుప్పు రంగే ఆధారం. దానిని తోమివేసినవాడు కత్తి విలువను పాడుచేసినవాడిగా పరిగణింపబడతాడు. ఒకే ఉక్కు, ఒకే వస్తువు. ఒక భాగానికి నిత్యనూతనత్వం, మరొక భాగానికి నిత్యసాక్ష్యం. ఏ భాగం పనికి ఉద్దేశించినది, ఏ భాగం సాక్ష్యానికి ఉద్దేశించినది అన్న వివేచనలోనే ఆ విద్య గొప్పతనం ఉన్నది.

ఈ వివేచనను మన సమాజంలోని పాత తుపాకులకు అన్వయిస్తే చరిత్ర ఎదురవుతుంది. 1857 తిరుగుబాటు తరువాత బ్రిటిష్ పాలకులు విస్తారంగా నిరాయుధీకరణ సాగించారు. లిట్టన్ కాలంలో వచ్చిన 1878 నాటి ఆయుధాల చట్టం సామాన్య భారతీయుడి చేతిలో లైసెన్సు లేని ఆయుధాన్ని నేరం చేసింది. ఐరోపావారికి మాత్రం మినహాయింపు లభించింది. బ్రిటిష్ పాలన చేసిన దుష్కార్యాలలో ప్రజలందరినీ ఆయుధహీనులను చేసిన చట్టం అత్యంత నల్లనిదన్న భావాన్ని అహింసావాది అయిన గాంధీజీయే 1918లో వ్యక్తం చేశారు. ఆ నేపథ్యంలో బ్రిటిష్ ఇండియాలో ఒక ఇంటి గోడకు తుపాకీ వేలాడుతున్నదంటే, అది ఆ ఇంటికి ప్రభుత్వంతో ఉన్న సాన్నిహిత్యానికి ఒక గుర్తు. నిజాం సంస్థానంలోనూ తుపాకీ రైతు గుడిసెలో కంటే గడీలోనే కనిపించేది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ కాల్పులకు బలైనప్పుడు, ఆ తుపాకీ దొర మనుషుల చేతిలో ఉన్నది. 1951 వరకు సాగిన సాయుధ పోరాటంలో తుపాకులు చేతులు మారాయి, పక్షాలు మారాయి, అడవులు చేరాయి. ఆ కాలాన్ని దాటి వచ్చిన ఏ పాత తుపాకీ అయినా కేవలం వేట పరికరమని నిశ్చయంగా చెప్పడం సులభం కాదు. నేరసాధనమని నిందించడమూ అంతే తొందరపాటవుతుంది.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వినబడవచ్చు. మొదటిది: ఆయుధానికి పాపం అంటదు, పాపం చేతిది. ఇనుమును శిక్షించడం వల్ల ఏమి ప్రయోజనం? ఈ మాటలో నిజం ఉన్నది. కాని ఆనవాళ్లను నిలపడం ఇనుముకు శిక్ష కాదు. సాక్షిని బతకనివ్వడం నేరస్థుడిని శిక్షించడంతో సమానం కాదు కదా! రెండవ అభ్యంతరం మరింత మానవీయమైనది: తాతలు చేసినదానికి మనుమలు ఎంతకాలం తల దించుకోవాలి? మరచిపోవడం కూడా సమాజాలు బతకడానికి అవసరమైన గుణమే. ఇదీ కాదనలేని మాటే. అయితే మరచిపోవడానికీ చెరిపివేయడానికీ తేడా ఉన్నది. కాలం చేసే మరుపులో ఇరువైపులవారూ భాగస్వాములు. దెబ్బ తిన్నవారి మనుమలూ మరచిపోతారు, కొట్టినవారి మనుమలూ మరచిపోతారు. చెరిపివేత మాత్రం ఒక వైపు వారు, అదీ వస్తువు తమ చేతిలో ఉన్నవారు, ఏకపక్షంగా చేసే పని. ఆ గంట్లు ఏమి లెక్కించాయో నిజంగా ఎవరికీ తెలియనప్పుడు, వాటిని పూడ్చినవాడు వివాదాన్ని తన ఇంటి పక్షాన తీర్మానించినట్లే అవుతుంది. వెనిస్ సూత్రం కట్టడాల కోసం ఏర్పడినదే అయినా ఇక్కడ మనుషులకూ వర్తిస్తుంది. ఊహ మొదలైనచోట చేయి ఆగాలి.

పైగా, ఇంటివారి కథే నిజమైనా ఆ గంట్ల అర్థం ఇప్పుడు వెనుకటిది కాదు. చిరుతను కొట్టడం ఒకనాడు ఊరిని రక్షించిన వీరకార్యం కావచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత అది గొప్పగా చెప్పుకునే విషయంగా మిగలలేదు. తాత గర్వంతో కోసిన గుర్తు మనుమడికి సంకోచం కలిగించవచ్చు. అంతమాత్రాన ఆ గర్వమూ ఒకప్పుడు లేదనుకోవడం న్యాయమా? పూర్వులను తమ కాలంలో చూడటానికి, తమ కాలపు విలువలతో తూచడానికి, రెండింటికీ ఆ గుర్తు ఉండటమే అవసరం.

మహాభారతం ఈ విషయంలో రెండు కథలను మన ముందు ఉంచింది. మొదటిది మౌసల పర్వంలోనిది. మునుల శాపం వల్ల యాదవుల ఇంట ఇనుప ముసలం పుట్టింది. భయపడిన యాదవులు దానిని పొడిగా నూరించి సముద్రంలో కలిపించారు. ఆనవాలు పోయిందనుకున్నారు. కాలం గడిచాక కలహం రేగిన తీరాన తుంగ పరకలే వారి చేతిలో ముసలాలై వారినే హతమార్చాయి. అరగదీయగా మిగిలిన చిన్న ముక్కే వేటగాడి బాణపు మొన అయిందని పురాణాలు చెబుతాయి. ఇంటిలో అంతఃకలహం మొదలైతే ముసలం పుట్టిందని తెలుగువారు నేటికీ అంటారు. ఆ మాట వాడినప్పుడల్లా ఆ కథలోని మరొక పాఠం కూడా గుర్తుకు రావాలి. ఇనుమును అరగదీసినంత మాత్రాన అది మోసుకువచ్చిన కర్మ అరిగిపోదు. చెప్పుకోవలసిన సంగతిని పొడిచేసి నీట కలిపితే, అది మరో రూపంలో ఒడ్డుకు చేరుతుంది.

రెండవది మహాప్రస్థానిక పర్వంలోనిది. పాండవులు సర్వం విడిచి బయలుదేరినా అర్జునుడు గాండీవాన్ని మాత్రం విడువలేకపోయాడు. అప్పుడు అగ్నిదేవుడు ఎదురై, వరుణునినుంచి తెచ్చి ఇచ్చిన ఆ విల్లును తిరిగి వరుణునికే అప్పగించమన్నాడు. అర్జునుడు గాండీవాన్ని, అక్షయ తూణీరాలను సముద్రానికి సమర్పించాడు. యాదవులూ నీటిలోనే వేశారు, అర్జునుడూ నీటిలోనే వేశాడు. ఒకరిది దాచడం, మరొకరిది అప్పగించడం. దాచినవారు అది తమకు సంబంధం లేదనిపించుకోవాలనుకున్నారు. అప్పగించినవాడు అది ఎవరిదో, ఎందుకు వచ్చిందో, తన చేత ఏమి చేయించిందో తెలిసి అప్పగించాడు. ఆయుధం మీద మనిషికి ఉన్న హక్కు ఎంతటిదైనా, అది అరువు సొమ్మేనని ఆ కథ సారాంశం.

ఈ దృష్టితో చూస్తే పునరుద్ధరణ చేసే పనివాడి బాధ్యత యజమాని బాధ్యతకంటే తక్కువది కాదు. మంచి మరమ్మతుదారు పని మొదలుపెట్టే ముందు వస్తువును అన్ని వైపులనుంచి ఫోటో తీసి ఉంచుతాడు. ఏమి తీసివేశాడో, ఏమి కొత్తగా చేర్చాడో కాగితం మీద రాసి ఇస్తాడు. ముద్రలకు, సంఖ్యలకు, నగిషీకి ఆకురాయి తగలనివ్వడు. గొట్టపు మందం తగ్గితే ఆ మాట దాచకుండా చెప్పి, ఇది గోడకు వేలాడదగినదే తప్ప కాల్చదగినది కాదని హెచ్చరిస్తాడు. కొత్త పూతను పాత పూతగా నమ్మించి అమ్మే వ్యాపారికి సహకరించడు. ఈ నియమాలలో ఏ ఒక్కటీ గొప్ప త్యాగం కోరేది కాదు. అయినా నిజాయితీ గల పనికీ నిజాయితీ లేని పనికీ మధ్య ఉన్న దూరమంతా వీటిలోనే ఉన్నది. పాత దస్తావేజును నకలు చేసే గుమాస్తాకు, శాసనాన్ని పరిష్కరించే పండితుడికి, శిథిలాలయానికి రాయి చేర్చే స్థపతికి కూడా ఇవే నియమాలు వర్తిస్తాయి. ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రం మీద తప్పు పడిన పదాన్ని చదవడానికి వీలుగా ఒక గీతతో కొట్టివేసి పక్కన సంతకం చేయాలే తప్ప, కనబడకుండా గీకివేయరాదన్న ఆచారం కూడా ఈ ధర్మానికి చెందినదే. సవరణకు అందరికీ హక్కున్నది. సవరించామన్న సంగతిని దాచే హక్కు ఎవరికీ లేదు.

తిరిగి ఆ ఉపాధ్యాయుడి వద్దకు వస్తే, ఆయన వెంటనే జవాబు చెప్పలేకపోయాడు. గంట్లను పూడ్పించాలన్న కోరిక ఆయనకు నిజంగానే ఉన్నది. మనుమరాలు ఒకనాడు అవి ఏమిటని అడుగుతుంది. చిరుతలని చెబితే అది నిజమని ఆయనకే నమ్మకం లేదు. మరొకటి చెబితే అది నిజమని రుజువు లేదు. లేకుండా చేస్తే ప్రశ్నే ఉండదు. కాని బడిలో ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాడికి, ప్రశ్న రాకుండా చేయడం జవాబు చెప్పడం కాదని తెలుసు.

చివరకు పనివాడితో కుదిరిన ఒప్పందం సామాన్యమైనది. తుప్పు తీయాలి. గుంతలు పోయేదాకా గీకకూడదు. గొట్టాలకు నిదానపు పద్ధతిలో పూత వేయాలి. మడమకు అవిసె నూనె పట్టించాలి, ఉప్పుకాగితం తగలకూడదు. కాల్చడానికి పనికిరాదని రాతపూర్వకంగా ఇవ్వాలి. నెల దాటాక ఆ తుపాకీ ఇంటికి చేరినప్పుడు గొట్టాలు నల్లగా, నిండుగా ఉన్నాయి. చేయి పెట్టి తడిమితే అక్కడక్కడ గరుకుదనం తెలుస్తున్నది. నూనె తాగిన కర్ర రంగు ముదిరింది. దానితో ఐదు గంట్లు మునుపటికంటే స్పష్టంగా కనబడుతున్నాయి.

ఆయన పనివాడిచ్చిన కాగితాన్ని లైసెన్సు పుస్తకంలో పెట్టాడు. దాని వెనుక, తాతగారి పేరు, ఊరి పేరు రాసి, గంట్ల గురించి ఇంట్లో చెప్పుకునే మాటను ఒక వాక్యంలో, ఊరిలో చెప్పుకునే మాటను మరొక వాక్యంలో రాశాడు. ఏది నిజమో తెలియదని మూడవ వాక్యం రాసి, తేదీ వేసి సంతకం చేశాడు.